మధ్యగది నేల

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు సాయంత్రం మధులత ఇంటికొచ్చి తాళం తీయగానే మధ్యగదిలోంచి ఒక వాసన వచ్చింది. బట్టలు నానబెట్టి రెండు రోజులు మర్చిపోతే బకెట్లోంచి వస్తుందే, అలాంటిది. చేతిలో సంచీ దించకుండానే మంచం కిందా, బీరువా వెనకా వంగి చూసింది. ఏమీ కనిపించలేదు.

ఆఫీసు నుంచి రాగానే శరత్‌చంద్రకి చెప్పింది.

"ఎలకేదో చచ్చుంటుంది లతా. రెండ్రోజుల్లో అదే పోతుంది" అన్నాడతను పేపర్లోంచి తలెత్తకుండా. టీ తాగుతూ పేపర్లో గళ్ళనుడికట్టు పూర్తిచేయడం అతని సాయంత్రపు అలవాటు. ఆకుపచ్చ పెన్నుతో రాస్తాడు. ఆ రంగైతే ఆఫీసులో ఎవరూ పట్టుకుపోరని దాన్నే వాడతాడు.

"చచ్చిన ఎలక వాసన నాకు తెలీదా?" అంది మధులత.

ఆమె ఊరవతల హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. చచ్చినవాటి వాసనలూ, కుళ్ళినవాటి వాసనలూ, బూజు పట్టినవాటి వాసనలూ ఆమెకి వేరువేరుగానే తెలుసు. ఇది మూడో రకం. కానీ బూజు పట్టడానికి ఆ గదిలో ఏముంది? గోడలకి రెండు నెలల క్రితమే సున్నం వేయించారు. నేలమీద, ఈ గోడ నుంచి ఆ గోడదాకా, చెక్క రంగులో నున్నగా మెరిసే ఫ్లోరింగ్ షీటు ఉంది.

ఈ ఇల్లు కొనేముందు వాళ్ళు రెండేళ్ళపాటు రాజమండ్రి అంతా తిరిగి పదకొండు ఇళ్ళు చూశారు. మధులత కళ్ళకి ఒక్కటీ ఆనలేదు. గోడకి రంగు కొత్తగా కనిపిస్తే, కింద బీట దాచారేమోనని గోటితో గీకి చూసేది. కుళాయి ధారగా వస్తుంటే, మనమొస్తున్నామని ట్యాంకు నింపి ఉంచారేమో అనేది. ఒక ఇంట్లో అగరుబత్తి వెలిగించి ఉందని, ఏ వాసన కప్పిపుచ్చడానికోనని వెనక్కి వచ్చేసింది. చివరికి బ్రోకరు వాళ్ళ ఫోనెత్తడం మానేశాడు.

పన్నెండోది గోదావరి గట్టుకి రెండు వీధులవతల ఉన్న ఈ పాత పెంకుటిల్లు. గున్నేశ్వరరావుగారని, మెయిన్ రోడ్డులో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉన్న ఆయనది. ఏప్రిల్ నెల ఎండలో చూడటానికి వెళ్ళినప్పుడు మధ్యగదిలో నాపరాళ్ళ నేల చల్లగా ఉండి, మధులత చెప్పులు విడిచి అక్కడే కూర్చుండిపోయింది. గంటసేపు కూర్చున్నా ఆమెకి తప్పేదీ దొరకలేదు. ఇంటికొచ్చేటప్పుడు స్కూటర్ మీద వెనక నుంచి, "ఇదైతే నాకు నచ్చింది" అంది. ఆ మాటకి శరత్‌చంద్ర బండి పక్కకి ఆపి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి పోనిచ్చాడు.

ఆగస్టులో రిజిస్ట్రేషను జరిగింది. ఆ రోజుల్లో మధులతకి బళ్ళో శిక్షణ తరగతులుండటంతో సున్నాలూ, కరెంటు పనులూ అతనే చూసుకున్నాడు. సామాను దించిన రోజు మధ్యగదిలో అడుగుపెట్టిన మధులతకి నాపరాళ్ళు కనిపించలేదు.

"గున్నేశ్వరరావుగారే వేయించారు. పాత రాళ్ళు మనకి బాగోవేమోనని" అన్నాడు శరత్‌చంద్ర.

ఆమెకి మనసు చివుక్కుమంది. కానీ ఎవరో ముచ్చటపడి వేయించినదాన్ని ఆ రోజే ఎలా పీకేస్తారు? ఊరుకుంది. తొమ్మిదేళ్ళ కూతురు ఫణిశ్రీకి ఆ గదిలోనే మంచం, రాసుకునే బల్లా వేశారు.

వాసన రెండ్రోజుల్లో పోలేదు. పైగా ఫణిశ్రీకి దగ్గు మొదలైంది. పగలు బళ్ళో బాగానే ఉండేది. ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చుంటే చాలు, గొంతులో ఏదో గీరుతున్నట్టు పొడిదగ్గు. సిరప్పులు రెండు సీసాలు అయిపోయాక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఛాతీమీద స్టెత్ పెట్టి విని, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇంట్లో ఎక్కడైనా చెమ్మగానీ బూజుగానీ ఉందా?" అనడిగింది.

"లేదండి" అన్నాడు శరత్‌చంద్ర.

మధులత నోరు తెరిచేలోపే వచ్చేసిందా జవాబు. మామూలుగా అతను దేనికీ అంత తొందరపడే మనిషి కాదు. హోటల్లో సర్వరు ఏం కావాలని అడిగినా కాసేపు ఆలోచించి చెబుతాడు. ఆ సంగతి ఆమె మనసులో ఒక మూల పడి ఉండిపోయింది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఫణిశ్రీ మంచం, బల్లా ముందుగదిలోకి మారిపోయి ఉన్నాయి.

"ఇక్కడైతే కిటికీ వెలుతురు బాగుంటుంది, చదువుకోడానికి" అన్నాడతను.

"సెలవు పెట్టి మరీ మార్చారా?"

"మధ్యాహ్నం పనేమీ లేకపోతే వచ్చాను."

మంచం తీసేసిన చోట షీటు మీద మధులత అరికాలు పెట్టి నొక్కింది. మెత్తగా లోపలికి దిగి, మళ్ళీ పైకి లేచింది. బీరువా పక్కన, షీటు గోడని తాకేచోట, అంచు కొంచెం పైకి లేచి ఉంది. అక్కడ కాలి బొటనవేలితో తొక్కితే కింద నుంచి చిన్న నీటిబొట్టు ఊరి, అంచు వెంట జారింది.

"ఏమండీ, దీని కింద తడి ఉంది. ఎత్తించి చూద్దాం."

"గమ్ము పెట్టి అంటించారు. ఎత్తితే చిరిగిపోతుంది. ఎండాకాలం రానీ, చూద్దాం."

"ఎండాకాలం దాకా దగ్గుతూ ఉంటుందా పిల్ల?"

"దగ్గుకీ దీనికీ ఏంటి సంబంధం? చలిగాలికి వచ్చిన దగ్గది" అంటూ అతను పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మధులత అనుమానం మొదట పక్కింటి మీదికి పోయింది. వరహాలక్ష్మిగారి స్నానాలగది వీళ్ళ మధ్యగది గోడకి ఆనుకునే ఉంటుంది. ఆ నీళ్ళే గోడలోంచి దిగుతున్నాయేమో. ఒక ఆదివారం పొద్దున ఆవిడ బట్టలుతుకుతున్నంతసేపూ మధులత పెరట్లో నిలబడి నీళ్ళెటు పోతున్నాయో చూసింది. నీళ్ళన్నీ సిమెంటు కాలవలోంచి తిన్నగా వీధివైపుకి పోతున్నాయి.

వరహాలక్ష్మిగారికి డెబ్భై దాటాయి. ఆవిడ చేస్తున్న పని ఆపి గోడ దగ్గరికి వచ్చింది. "ఏంటమ్మాయ్, పొద్దుటి నుంచి మా కాలవనే చూస్తున్నావు?"

మధులత సిగ్గుపడి, గదిలో చెమ్మగా ఉందని చెప్పింది.

"ఆ గదా? అది కొత్తేం కాదమ్మా. గున్నేశ్వరరావు వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ, గోదారికి వరద ఎర్రనీళ్ళొచ్చాయంటే చాలు, ఆ గది ఖాళీ చేసేసేది. చాప కూడా పరవనిచ్చేది కాదు. ఇటు తలుపూ అటు తలుపూ తీసి పెట్టేవాళ్ళు."

"మరి ఆ షీటు ఎప్పుడు వేయించారండీ?"

"ఏ షీటు?"

"కింద పరిచిన చెక్క రంగు షీటండీ."

"ఏమోనమ్మా. వాళ్ళున్నప్పుడు నేనైతే చూళ్ళేదు."

అంతే. మధులతకి లెక్క తేలిపోయింది. తరతరాలుగా చెమ్మ ఉన్న గది. అమ్మేముందు ఒక షీటు పరిచి, గమ్ము పెట్టి అంటించి, ముచ్చటపడి వేయించినట్టు మాట చెప్పి చేతులు దులుపుకున్నారు. మెత్తగా మాట్లాడే మనిషి, ఆయన కూడా అంతే. పదకొండు ఇళ్ళల్లో తాను పట్టుకున్న తప్పులన్నీ తనని చూసి నవ్వుతున్నట్టు అనిపించిందామెకి.

భర్తకి చెబితే వద్దంటాడని తెలుసు. మర్నాడు బడి నుంచి తిన్నగా ఆటో ఎక్కి మెయిన్ రోడ్డుకి వెళ్ళింది.

కార్తీకమాసం కావడంతో గున్నేశ్వరరావుగారి కొట్టు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళు దీపపు సెమ్మెలు చేత్తో ఎత్తి బరువు చూస్తున్నారు. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. మధులతని చూసి లేచి నిలబడ్డాడు.

"రండమ్మా. పాప బాగుందా?"

"బాగోలేదండి. మీ పుణ్యమా అని నెలరోజుల నుంచీ దగ్గుతోంది."

సెమ్మెలు చూస్తున్న ఆడవాళ్ళు తల తిప్పారు. మధులత గొంతు తగ్గించలేదు. గదిలో ఊట ఉన్న సంగతి తెలిసి కూడా చెప్పకుండా అమ్మారనీ, అది కనపడకుండా షీటు పరిచారనీ, చిన్నపిల్ల ఉన్న ఇంటికి అలా చేయడానికి మనసెలా వచ్చిందనీ ఒక్కో మాటా అడిగింది. గున్నేశ్వరరావుగారు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మొహం మాత్రం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. షీటు అన్నప్పుడు ఒక్కసారి కళ్ళెత్తి, ఏదో అనబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆగాడు.

"నేను చెప్పాల్సింది చెప్పేనమ్మా" అన్నాడు చివరికి.

"ఎవరికి చెప్పారు?"

ఆయన గల్లాపెట్టె మూసి, గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్ళి ఆ షీటు ఎత్తించండి. ముందు పిల్లని ఆ గదిలోకి రానివ్వకండి. ఎత్తించేక కూడా నన్నే అడగాలనిపిస్తే రండి. కొట్టు తీసే ఉంటుంది."

తప్పు చేసినవాడు అంత తాపీగా ఎలా మాట్లాడతాడని దారంతా ఆలోచిస్తూనే వచ్చింది మధులత. ఆలోచించేకొద్దీ కోపం స్థానంలో ఇంకేదో రావడం మొదలైంది.

ఆ సాయంత్రం కొట్లో జరిగింది చెప్పగానే శరత్‌చంద్ర చేతిలో పేపరు పక్కన పెట్టేశాడు.

"ఆయనేమన్నారు?"

చెప్పింది.

"ఇంకేమన్నారు?"

"చెప్పాల్సింది చెప్పానన్నారు."

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

అన్నం దగ్గర కూర్చుని కలిపి, నాలుగు ముద్దలు తిని లేచిపోయాడు. మధులత కంచాలు తీస్తూ ఒక సంగతి గమనించింది. ఆయనేమన్నాడని ఇతను మూడుసార్లు అడిగాడు. నలుగురిలో నువ్వు ఎందుకలా మాట్లాడావని మాత్రం ఒక్కసారీ అడగలేదు. వేరే రోజైతే ముందు అదే అడిగేవాడు. డాక్టరమ్మ దగ్గర అన్న 'లేదండి' కూడా అప్పుడే గుర్తొచ్చింది. మంచం మార్చడం గుర్తొచ్చింది. ఇద్దరు మగవాళ్ళూ తనకి తెలియకుండా ఏదో మాట్లాడుకున్నారన్నది ఖాయమైపోయింది. ఆ మాట ఏంటన్నదే తేలాలి.

మర్నాడు అతను ఆఫీసుకి వెళ్ళేదాకా ఆగి, బడికి సెలవని ఫోన్ చేసి, వరహాలక్ష్మిగారిని అడిగి విజయ్ పాల్ అనే తాపీమేస్త్రిని పిలిపించింది. ఈ వీధిలో పాత ఇళ్ళకి మరమ్మతులన్నీ అతనే చేస్తాడట. యాభై ఏళ్ళుంటాయి. బీరువా పక్కకి జరిపి, లేచిన అంచులో తాపీ దూర్చి, షీటు కొసని రెండు చేతులా పట్టుకుని లాగాడు. చర్రుమని జానెడు ఊడింది.

అతను షీటు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. మెడలో తుండు తీసి ముక్కుకి కట్టుకున్నాడు. "మీరు కూడా ఏదైనా కట్టుకోండి మేడమ్ గారూ. కిటికీలన్నీ తీసేయండి."

మధులత చున్నీ ముక్కుకి చుట్టుకుని వచ్చేసరికి సగం షీటు పైకి లేచింది. దాని అడుగున నల్లటి మచ్చలు, ఒకదానిలోకి ఒకటి పాకి, పెద్ద మరకలయ్యాయి. వాటి మధ్య ఆకుపచ్చా బూడిదరంగూ కలిసిన నూగు. గోడ దగ్గర తెల్లటి పోగులు, పత్తి విప్పి పరిచినట్టు. షీటు కింద ఎవరో పేపర్లు పరిచారు. అవి నాని, కొన్ని రాళ్ళకి, కొన్ని షీటుకి అతుక్కుపోయాయి. ఏప్రిల్లో తాను కూర్చున్న నాపరాళ్ళు వాటి మధ్య నుంచి నల్లగా, జిడ్డుగా కనిపించాయి.

"ఇది ఊటండి" అన్నాడు విజయ్ పాల్. "గోదారి నిండినప్పుడల్లా గట్టు కింద నుంచి నీరు ఎక్కుద్దండి. ఈ వీధిలో సగం ఇళ్ళకి ఉన్నదేనండి. రాళ్ళని ఉత్తినే వదిలేస్తే ఆ చెమ్మ పైకొచ్చి, గాలికి ఆరిపోద్దండి. ఎవరో గానీ మూత పెట్టేసారండి. ఇంక అది ఎక్కడికి పోద్దండి?"

మధులతకి తన బడి గుర్తొచ్చింది. ఏటా ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఆమె ఒక రొట్టెముక్క తడిపి డబ్బాలో పెట్టి మూతేస్తుంది. నాలుగో రోజు మూత తీసి, దూరం నుంచే చూడమని, ముక్కు దగ్గర పెట్టుకోవద్దని చెబుతుంది. సరిగ్గా అలాంటి డబ్బా మీదే రెండు నెలలు తన కూతుర్ని పడుకోబెట్టింది.

"ఈ పేపర్లన్నీ తడిపి తీయాలండి. పొడిగా లాగితే దుమ్ము లేచిపోద్ది" అంటూ అతను బకెట్టు కోసం పెరట్లోకి వెళ్ళాడు.

షీటు వెనక అతుక్కున్న ఒక పేపరు మధులత కళ్ళకి ఎదురుగా ఉంది. మూడు వైపులా బూజు తినేసింది. మధ్యలో చిన్న చిన్న గళ్ళు మిగిలాయి. గళ్ళలో అక్షరాలు. చెమ్మకి అలుక్కుపోయినా రంగు తెలుస్తోంది. ఆకుపచ్చ. 'ళ' కింద తోక కొంచెం పొడుగ్గా లాగి వదలడం ఆమెకి పదమూడేళ్ళుగా తెలిసిన రాత. పైన తేదీ సగం మిగిలింది. ఆగస్టు పన్నెండు.

గున్నేశ్వరరావుగారు జులై ఆఖరుకే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత తాళాలున్నది ఒక్కరి దగ్గరే.

విజయ్ పాల్ బకెట్టుతో వచ్చేసరికి ఆమె ఇంకా అలాగే వంగి ఉంది. "ఈ ఒక్క పేపరూ ఉండనివ్వండి" అంది.

సాయంత్రం ఫణిశ్రీని వరహాలక్ష్మిగారింట్లో కూర్చోబెట్టి వచ్చింది. శరత్‌చంద్ర గుమ్మంలోకి రాగానే బ్లీచింగ్ వాసన అతనికి తగిలి ఉండాలి. మధ్యగది దాకా నడిచి, షీటు లేని నేలని చూసి, గడప మీదే ఆగిపోయాడు. మధులత ఆ పేపరుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి కిటికీలో ఉంచింది. అతను దాన్ని చూశాడు. దగ్గరికెళ్ళి చూడాల్సిన అవసరం అతనికి కలగలేదు.

"గున్నేశ్వరరావుగారు మీకు ఎప్పుడు చెప్పారు?" అంది ఆమె.

"రిజిస్ట్రేషనుకి పది రోజుల ముందు" అన్నాడు. "వరద వచ్చింది కదా అప్పుడు. ఆయనే నన్ను పిలిచి ఈ గది చూపించాడు. రాళ్ళ సందుల్లో తడి. ఏటా ఇంతే, రెండు మూడు నెలలు ఓర్చుకోవాలి, మీ ఆవిడకి కూడా చెప్పండి, వద్దనుకుంటే ఇక్కడితో ఆపేద్దాం అన్నాడు."

"మీరేమన్నారు?"

"చెబుతానన్నాను."

"మరి?" అంది మధులత.

"పదకొండు ఇళ్ళు లతా. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి పట్టుకున్నావు."

"నేను పట్టుకున్నవి లేనివా?"

"ఉన్నవే. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ లోపం లేని ఇల్లు ఎక్కడుంటుంది? ఆ రోజు నువ్వు ఇక్కడ కూర్చుని నచ్చిందన్నావు. ఆ మాట నీ నోటి వెంట మళ్ళీ వింటానని నమ్మకం లేదు నాకు. చెబితే వద్దంటావు, ఇంకో రెండేళ్ళు తిరుగుతాం అనుకున్నాను. షీటు వేస్తే కనపడదు, వానలు తగ్గేక అదే ఆరిపోతుందనుకున్నాను."

"ఆయన వేయించారని ఎందుకు చెప్పారు?"

"నేనే వేయించానంటే నువ్వు ఎందుకని అడుగుతావు."

అది నిజమే. ఆమె అడిగేదే. ఆ నిజం తనవైపే వేలు చూపిస్తోంది. కానీ అసలు అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది.

"ఫణి దగ్గు సంగతి? డాక్టరు చెమ్మ ఉందా అని అడిగినప్పుడు మీకు అర్థం కాలేదా?"

అతను గడప మీద కూర్చుండిపోయాడు. "అర్థమైంది. అందుకే మంచం మార్చాను."

"ఆ రోజు నుంచి ఈ రోజుకి పందొమ్మిది రోజులు. నేను లెక్కపెట్టాను. పందొమ్మిది రోజులు పిల్ల దగ్గుతుంటే పక్కగదిలో కూర్చుని విన్నారు మీరు. నేను వెళ్ళి ఆ పెద్దాయన్ని పదిమందిలో నిలబెట్టి అడిగి వచ్చానని చెప్పినా నోరు విప్పలేదు."

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ..." అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తిచేసినా లాభం లేదని అతనికీ తెలిసినట్టుంది.

ఆమె అరవలేదు. ఇల్లు చూడడంలో తాను ఎన్ని గోడలు గీకిందో, ఎన్ని కుళాయిలు తిప్పిందో గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుమానంగా చూడని చోటు ఒక్కటే ఉంది. అది తన పక్కనే ఉంది.

"రేపు కొట్టుకి వెళ్తున్నాం" అంది. "మీరే చెప్పాలి. జనం ఉన్నప్పుడే చెప్పాలి."

చెప్పాడు. సెమ్మెలూ, పళ్ళాలూ, బేరాలాడే ఆడవాళ్ళ మధ్య నిలబడి, అందరికీ వినపడేలా, గున్నేశ్వరరావుగారు తనకి అంతా ముందే చెప్పారనీ, భార్యకి దాచింది తాననీ, షీటు వేయించింది కూడా తాననీ చెప్పాడు.  మధులత పక్కన నిలబడి, "నన్ను క్షమించండి బాబాయిగారూ. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను" అంది.

గున్నేశ్వరరావుగారు వీళ్ళకంటే ఎక్కువ ఇబ్బందిపడ్డాడు. "ఇప్పుడివన్నీ ఎందుకండీ, లోపలికి రండి" అంటూ వెనక గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. "మొన్న నలుగురిలో మీ ఆయన పేరు నేనెలా ఎత్తుతానమ్మా? ఎత్తినా మీరు నమ్మేవారా?"

"నమ్మేదాన్ని కాదు" అంది మధులత.

"నాదీ కొంత తప్పుందమ్మా. రిజిస్ట్రారాఫీసులో మీరు నా ఎదురుగానే కూర్చున్నారు. నేనే మీతో ఒక్క మాట అనుండాల్సింది. ఆయన చెప్పే ఉంటాడనుకున్నాను."

ఆ మాటకి మధులత తలూపింది. ఆయన నిజంగా అలాగే అనుకున్నాడా, అలా అనుకుంటే పని సులువవుతుందని అనుకున్నాడా అన్న సందేహం ఆమెకి ఆ రోజు రాలేదు. తర్వాత చాలాసార్లు వచ్చింది.

విజయ్ పాల్ పని మొదలుపెట్టాడు. నాపరాళ్ళు ఒక్కొక్కటీ ఊడదీసి పెరట్లో ఎండకి నిలబెట్టారు. శరత్‌చంద్ర వారం రోజులు సెలవు పెట్టి, తుండు ముక్కుకి కట్టుకుని, ఒక్కో రాయినీ బ్రష్షుతో రుద్ది కడిగాడు. కింద నల్లగా నానిన మట్టిని మోకాలిలోతు తీసి, ఇటుకముక్కలూ కంకరా నింపి, పైన ఇసుక పరిచి, అవే రాళ్ళు సున్నంతో మళ్ళీ పేర్చారు. "పూర్తిగా పోద్దని చెప్పనండి. తగ్గుద్ది" అన్నాడు విజయ్ పాల్ ముందే. ఆ మాట అన్నందుకే మధులతకి అతని మీద నమ్మకం కుదిరింది.

ఆ నెల్లాళ్ళూ ఫణిశ్రీ పిఠాపురంలో అమ్మమ్మ దగ్గర ఉంది. తిరిగొచ్చేసరికి దగ్గు లేదు. డాక్టరమ్మ మళ్ళీ స్టెత్ పెట్టి విని, ఛాతీ శుభ్రంగా ఉందంది. ఈసారి ఆవిడ ఇంటి గురించి అడగకముందే శరత్‌చంద్ర మొత్తం చెప్పేశాడు, రాళ్ళ కొలతలతో సహా.

అప్పటి నుంచి అతనికి అన్నీ చెప్పడం అలవాటైంది. బండికి గాలి తగ్గిన సంగతి, ఆఫీసులో ఎవరితోనో మాటా మాటా వచ్చిన సంగతి, కూరగాయల్లో రెండు వంకాయలు పుచ్చున్న సంగతి. కొన్నాళ్ళకి మధులతకి ఆ చెప్పడం కూడా బరువుగా తోచింది. ఇంత చెబుతున్నాడంటే వీటి కింద ఇంకేదైనా ఉందేమోనని మనసు దానంతటదే వెతుక్కునేది. వెతికాక తనమీద తనకే అసహ్యం వేసేది. అయినా మళ్ళీ వెతికేది. అతను బట్టల బీరువా సర్దితే ఎందుకు సర్దాడనీ, ఫోన్లో మాట్లాడుతూ పెరట్లోకి వెళితే ఎందుకు వెళ్ళాడనీ. ఒక్కదాని వెనకా ఏమీ ఉండేది కాదు. ప్రతిదీ తేలేదాకా ఆమెకి నిద్రపట్టేది కాదు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. ఎగువన వానలు. గోదావరి గట్టు మీద జనం నిలబడి ఎర్రనీళ్ళు చూసి వస్తున్నారు.

మంగళవారం పొద్దున బడికి తయారవుతూ మధ్యగదిలోంచి నడుస్తున్న మధులత కాలికి చల్లగా తగిలింది. కిందికి చూసింది. బీరువా వైపు మూల, రెండు రాళ్ళ మధ్య సున్నం నల్లబడి ఉంది. అరచెయ్యంత. చెయ్యి పెట్టి చూసింది. తడే.

వంటింట్లో శరత్‌చంద్ర కాఫీ కలుపుతున్నాడు. పిలవాలనుకుని ఆగింది. ఏమీ చూడనట్టు బడికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను ఆ మూల పక్క నుంచే రెండుసార్లు నడిచాడు. ఏమీ అనలేదు. చూశాడా, చూడలేదా? చెప్పులతో నడిచాడు కాబట్టి తెలియలేదేమో. బుధవారం పొద్దున బీరువాలోంచి చొక్కా తీసుకున్నాడు. అప్పుడు చెప్పుల్లేవు. అప్పుడూ ఏమీ అనలేదు. మధులత రోజంతా పాఠం చెబుతూ కూడా అదే ఆలోచించింది. సాయంత్రం అతను వరద కబుర్లు చెప్పాడు, ధవళేశ్వరం దగ్గర నీళ్ళెంత ఉన్నాయో చెప్పాడు, నేల సంగతి మాత్రం ఎత్తలేదు. 

గురువారం తెల్లారాక, ఆమె జడ వేసుకుంటుండగా, మధ్యగదిలోంచి పిలుపు వచ్చింది.

"లతా, ఒకసారి ఇలా రా."

వెళ్ళింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మూల రాయి మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"తడి వచ్చింది చూడు. పెద్దగా లేదు, ఈ రెండు రాళ్ళ దగ్గరే. ఇప్పుడే చూశాను. విజయ్ పాల్‌కి ఫోన్ చేయనా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అక్కడ ఏ దాపరికమూ కనిపించలేదు. అయినా చాలాసేపు చూసింది.

"నేను మంగళవారమే చూశాను" అంది.

అతను తలెత్తాడు. "మరి చెప్పలేదేం?"

"మీరు చెబుతారో లేదో చూద్దామని."

అతనికి కోపం వస్తుందనుకుంది. రాలేదు. రాయి మీదనుంచి చెయ్యి తీసి, తడిని పంచెకి తుడుచుకున్నాడు.

"నేను ఇవాళ కూడా చూడకపోయుంటే?"

మధులత ఆలోచించింది. "తెలీదు" అంది.

ముందుగదిలో ఫణిశ్రీ నిద్రలో అటు తిరిగి పడుకున్న చప్పుడైంది. ఇద్దరూ ఒకేసారి చెవులు రిక్కించి విన్నారు. దగ్గు కాదు. శరత్‌చంద్ర లేచి వెళ్ళి పెరటి తలుపు బార్లా తీసి, కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెట్టాడు. మధులత వీధి తలుపు తీసింది. నది మీదనుంచి వచ్చిన గాలి ఇల్లు దాటి పెరట్లోకి పోతుంటే, ఆమె తిరిగొచ్చి బీరువాకి ఒకవైపు పట్టుకుంది. అతను రెండోవైపు పట్టుకున్నాడు. దాన్ని ఆ మూల నుంచి ఇవతలికి జరిపారు.